నెరసిన తల – పొట్టి క్రాపు



నేటి ప్రసంగమునకు విషయము నెరసిన తల. వయసు మీరిన పురుషుడు తన తెల్లని వెండ్రుకలను ఎట్లు కత్తిరించుకొనవలెను, ఎట్లు దిద్దుకొనవలెను అను సంగతిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. "ఇది పడుచువారి ముచ్చట; కాటికి కాళ్లు చాచుకొన్న మాకెందుకు?" అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని ఒక్కమాట ఆలోచింపుడు. మన పంచాంగములలో పెండ్లికిని, గృహప్రవేశమునకును దినములు చెప్పినట్లే క్షౌరమునకు కూడ తగిన దినములు, తగని దినములు చెప్పియున్నారు. పుట్టువెండ్రుకలు తీయించుట ఒక సంస్కారము. ఉపనయనమున క్షౌరము కలదు. తలిదండ్రులు గతించినపుడు క్షౌరము కలదు. పుట్టుక మొదలు చావు వరకు తలవెండ్రుకలతో ముడిపడని ఘట్టము మన జీవితములో అరుదు. పూర్వులింత గౌరవించిన విషయమును మనము చులకన చేయ పనిలేదు.

నెరసిన వెండ్రుకను గూర్చి మన ప్రాచీనులు రెండు చక్కని కథలు చెప్పిరి. బౌద్ధుల జాతకకథలలో మఖాదేవుడను మిథిలానగరపు రాజు కలడు. అతడు తన క్షురకుని పిలిచి, "నా తలలో తెల్లవెండ్రుక కనబడిననాడు నాకు తెలుపుము" అని ఆజ్ఞాపించెను. పెక్కు సంవత్సరములు గడచిన పిమ్మట క్షురకుడు ఒక తెల్లవెండ్రుకను చూచి, బంగారు పట్టకారుతో తీసి రాజుగారి అరచేతిలో నుంచెను. రాజు కోపగింపలేదు. ఆ క్షురకునకు ఒక గ్రామమును బహుమానముగా నిచ్చి, కుమారునకు రాజ్యమప్పగించి, తాను తపమునకు వెడలెను. ఇక కాళిదాసు రఘువంశములో దశరథుని చెవి చెంత నెరపు కనబడుటను వర్ణించుచు, ముసలితనమే నెరపు వేషమున వచ్చి, కైకేయి వినునేమోయను శంకతో, రాజలక్ష్మిని రామునకిమ్మని రాజు చెవిలో రహస్యముగా చెప్పినట్లున్నదని ఉత్ప్రేక్షించెను. రెండు కథలయందును తెల్లవెండ్రుక ఒక దూత. దూత వచ్చినపుడు ఆసనమిచ్చి మాట వినుట రాజధర్మము. ముఖమునకు మసి పూసి మూల కూర్చుండబెట్టుట కాదు. నేడు మనలో పెక్కుమంది ఈ దూతకు నల్లరంగు పూసి దాచుచున్నారు. మరికొందరు అసలు పట్టించుకొనక, పెరిగినంత పెరుగనిచ్చి వదలివేయుచున్నారు. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గము కలదు. తెల్లదనమును తెల్లదనముగానే ఉంచి, పొట్టిగా, తీరుగా కత్తిరించుకొనుట ఆ మార్గము.

"క్రాపు మన సంప్రదాయమా?" అని అడుగువారు నేటికిని ఉన్నారు. ఒకప్పుడు తెలుగుదేశమున మగవారికి పిలకయో, వెనుక ముడియో ఉండుట పరిపాటి. వేడుకకాండ్రు గిరజాలు పెంచుకొనెడివారు. ఇంగ్లీషు చదువులు వ్యాపించిన తరువాత పడుచువారు పిలకను తీసివేసి క్రాపు పెట్టుకొనగా ఇండ్లలో పెద్ద కలహములు జరిగినవి. క్రాపు తలతో పంక్తిలో కూర్చుండరాదన్నవారు కూడ ఉండిరి. నేడో, నాటి ఆ కలహములను వినియే ఎరుగని మనుమలకు క్రాపు తలలవారే తాతలు. కాబట్టి క్రాపు మన ఇంటికి వచ్చి మూడు నాలుగు తరములైనది. దానిని అన్యమనుటకు వీలులేదు. పిలక ఉంచుకొను వైదికులు నిశ్చింతగా ఉంచుకొనవచ్చును. పిలక చుట్టునుగల జుట్టు విషయమున నేను చెప్పబోవు జాగ్రత్తలు వారికిని వర్తించును.

ఇప్పుడు హైదరాబాదులోని ఫిల్మ్ నగరు వైపునకు మిమ్ము తీసికొనిపోయెదను. జూబిలీహిల్సు గుట్టలను ఆనుకొని, తెలుగు సినిమా పరిశ్రమకు నివాసమైన పేట యది. మద్రాసునందు పెరిగిన మన చలనచిత్ర పరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో 1976లో ఆ ప్రాంతముననే ఆరంభమైనది. పెద్దల తలవెండ్రుకలకు సినిమాపేటతో నేమి పని యందురా? ఊరిలో తల ఎట్లుండిన పెద్దమనిషియో, ఎట్లుండిన ముసలివాడో అను అభిప్రాయము చాలవరకు ఆ తెరమీదనుండియే మన కనులకు అలవాటైనది.

చాలకాలము తెరమీద తెల్లజుట్టునకు నిర్ణయమైన తావు ఒకటి యుండెడిది. అది తండ్రికి, తాతకు, గ్రామపెద్దకు, గురువుకు చెందినది. 1972లో వచ్చిన "బడిపంతులు" చిత్రములో నందమూరి తారకరామారావుగారు వృద్ధుడైన ఉపాధ్యాయుని పాత్ర ధరించిరి. అప్పటికి వారికి ఇంకను ఏబది నిండలేదు. ఆ ముసలితనము వేషమున తెచ్చుకొన్నది. మరునాడు మరియొక చిత్రములో వారు నల్లజుట్టు కథానాయకులే. అనగా నెరపు అనునది పెట్టి తీయదగిన వేషము. నాయకునకు మాత్రము నలుపు తప్పనిసరి యను కట్టుబాటు ఏర్పడినది. ఊళ్లలోని మగవారు కూడ తమకు తెలియకయే ఆ కట్టుబాటునకు లోబడి, నలుబదియవయేట మొదలిడి రంగుసీసాలను ఆశ్రయించిరి.

ఆ కట్టుబాటును తెలుగుతెరపై గట్టిగా కదిలించినవారిలో జగపతిబాబుగారిని ముందు చెప్పవలెను. ఆయన ప్రసిద్ధ నిర్మాతయగు వి. బి. రాజేంద్రప్రసాదుగారి కుమారులు, పెక్కేండ్లు కథానాయకుడుగా నటించినవారు. 2014లో వచ్చిన "లెజెండ్" చిత్రములో ప్రతినాయకునిగా, నలుపు తెలుపు కలిసిన జుట్టును, గడ్డమును దాచక అట్లే కనబడిరి. ప్రేక్షకులు ఆయనను ముసలివాడయ్యెనని జాలిపడలేదు. "ఈ నెరపులో ఎంత దర్పమున్నది!" అని విస్తుపోయిరి. ఆ పాత్రకు నంది పురస్కారము కూడ లభించినది. పిమ్మట 2016లో "నాన్నకు ప్రేమతో", 2018లో "రంగస్థలం" మొదలగు చిత్రములలో ఆ నెరసిన తలయే ఆయనకు గుర్తైనది. 2016లోనే "కబాలి" యందు రజనీకాంతుగారు నెరసిన జుట్టు, గడ్డములతో నాయకుడుగా కనబడిరి. ఆయన వెలుపల సభలకు తన బట్టతలతోనే వచ్చుట లోకమెరిగినదే.

ఇందు మనము గ్రహింపవలసినది నటుల వేషమును కాదు. ప్రతినాయకుని దుర్గుణములను అంతకంటెను కాదు. తెల్లదనము తనంతట తాను అందమునీయదు, అందమును చెరుపదు. అంచులు తీరుగా ఉన్న తెల్లజుట్టు నిండుతనముగా తోచును. అంచులు లేని తెల్లజుట్టు అనారోగ్యముగా తోచును. తేడా అంతయు కత్తెరలో నున్నది. ఇదెందుచేత నట్లగునో తెలియవలెనన్న వెండ్రుక స్వభావమును కొంచెము తెలిసికొనవలెను.

వెండ్రుక కుదురులో రంగునిచ్చు కణములు కలవు. అవి మెలనిన్ అను వర్ణపదార్థమును పెరుగుచున్న వెండ్రుకకు అందించును. వయసుతో ఆ కణములు తగ్గి, తుదకు పని మానును. అంతట రంగులేని వెండ్రుక పుట్టును. చర్మము దాటి వెలుపలికి వచ్చిన వెండ్రుక నిర్జీవము. కాబట్టి నల్లగా పుట్టిన వెండ్రుక రాత్రికి రాత్రి తెల్లబడదు. నల్లనిది రాలి, దాని కుదురునుండి తెల్లనిది మొలచును. వయసు పెరిగినకొలది తలచర్మములో ఊరు సహజమైన జిడ్డు కూడ తగ్గును. అందుచేత తెల్లవెండ్రుక పొడిగా, బిరుసుగా తోచుచు, దువ్వినచోట నిలువక లేచుచుండును. పొడవుగా పెంచినచో ఈ బిరుసుతనము చింపిరితనమగును. అదే వెండ్రుకను ఒక అంగుళమునకు కత్తిరించినచో ఆ బిరుసుతనమే బలమై, ఏ లేపనమును లేకయే నిటారుగా నిలుచును. పొడవులో దోషమైనది పొట్టితనములో గుణమైనది. నెరసిన తలకు పొట్టి క్రాపు నప్పుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము పలుచదనము. మన చామనచాయ చర్మముపై తెల్లని పొడవు వెండ్రుకలు పలుచగా పరచుకొన్నచో, నడుమ నడుమ చర్మము కనబడి, జుట్టు ఉన్నదానికంటెను తక్కువగా తోచును. ప్రక్కల వెండ్రుకలు గుబురుగా ఉండి నడినెత్తి పలుచగా ఉన్నచో చూపు తిన్నగా ఆ పలుచనిచోటికే పోవును. ప్రక్కలను పొట్టిచేసిన క్షణమున ఆ తారతమ్యము తగ్గి తలయంతయు ఒక్క తీరున కనబడును.

ఇక ఏ తలకు ఏ కత్తిరింపో చూతము. నేటి క్షౌరశాలలలో కత్తెరతోబాటు విద్యుత్తుతో నడచు మిషను వాడుదురు. దానికి అమర్చు దువ్వెన తొడుగులకు అంకెలుండును. ఒకటవ అంకె తొడుగు సుమారు 3 మిల్లీమీటర్ల జుట్టును మిగుల్చును. రెండవది 6, మూడవది సుమారు 10, నాలుగవది సుమారు 13 మిల్లీమీటర్లు, అనగా అర అంగుళము. ఈ అంకెలు గుర్తుంచుకొన్నచో ఏ ఊరికి పోయినను మీ మాట క్షురకునకు తెలియును.

తలనిండ ఒత్తుగా జుట్టున్నవారు ప్రక్కలను, వెనుకను మూడవ అంకెతో తీయించి, పైభాగమున ఒకటి మొదలు ఒకటిన్నర అంగుళముల వరకు ఉంచుకొనవచ్చును. ముందుభాగము కొంచెము పొడవుగా, వెనుకకు పోవుకొలది పొట్టిగా ఉండవలెను. పాపిట తీయ పనిలేదు. మీదికి దువ్విన చాలును.

నుదురు రెండు మూలల వెనుకకు జరిగినవారు దానిని వెనుకకు దువ్వినచో మూలలు మరింత స్పష్టమగును. వారు పైభాగమును ముప్పాతిక అంగుళమునకు తగ్గించి, ముందుకు దువ్వి, నుదుటిపై పొట్టిగా అడ్డముగా కత్తిరించుకొనుట మేలు. రోము నేలిన జూలియస్ సీజరు తన బట్టతలకు మిక్కిలి నొచ్చుకొని వెండ్రుకలను ముందునకు దువ్వుకొనెడివాడని సుయెటోనియస్ అను చరిత్రకారుడు వ్రాసినాడు. ఈ తీరు క్రాపునకు పాశ్చాత్యులు నేటికిని ఆ సీజరు పేరే పెట్టి పిలుతురు.

నడినెత్తి బట్టయైనవారు ఒక ప్రక్క వెండ్రుకలను జానెడు పెంచి నెత్తిపై అడ్డముగా పరచుకొనుట కలదు. గాలి వీచినచో ఆ రహస్యము ఊరందరికిని తెలియును. అట్టివారు ప్రక్కలను ఒకటవ అంకెతోను, పైన మిగిలినదానిని రెండవ అంకెతోను తీయించిన ఎంతో హాయి. అంతటను పలుచనైనవారికి ఒకటవ అంకెయే చాలును. కోరినచో నున్నని గుండును, దానికి తోడు పొట్టిగా దిద్దిన తెల్లగడ్డమును మిక్కిలి గంభీరముగా నుండును.

ముఖము గుండ్రముగా నున్నవారు పైన కొంచెము ఎత్తు మిగిల్చి ప్రక్కలను బాగుగా తగ్గింపవలెను. కోలముఖమువారు ప్రక్కలను మరీ గొరిగించుకొనరాదు. నాలుగవ అంకె వారికి తగినది. అందరికిని సమానమైన నియమము ఒకటి కలదు. ప్రక్కనుండి పైకి పోవునపుడు పొట్టి నుండి పొడవునకు క్రమముగా కలియవలెనేగాని, మెట్టువలె గీత కనబడరాదు. క్షురకుని నేర్పు అక్కడనే తెలియును. చెవులనుండి, ముక్కునుండి బయటికి వచ్చు వెండ్రుకలను, అడవిపొదలవలె పెరిగిన కనుబొమలను కూడ దిద్దించుకొనుడు. తలను తెల్లగా వదలి మీసమునకు మాత్రము నల్లరంగు వేయుట కూడదు. అది అతికించినట్లు తోచును.

జూబిలీహిల్సులో కొడుకు ఇంటికి పోయినపుడు మనుమడు తాతగారిని అద్దాల క్షౌరశాలకు తీసికొనిపోవుట నేడు సర్వసామాన్యము. అచట కుర్రవాడు "ఎట్లు తీయమందురు తాతగారూ?" అని అడిగినపుడు "నీ యిష్టము నాయనా" అనకుడు. అతని యిష్టము ఇరువదియేండ్ల తలలకు అలవాటుపడినది. ఫోనులో బొమ్మ చూపదలచినచో మీ వయసువాని బొమ్మను, మీవలెనే నుదురున్నవాని బొమ్మను చూపుడు. మొదటిసారి ఒక అంకె ఎక్కువ పెట్టుమనుడు. పొడవైనదానిని మరల తగ్గింపవచ్చునుగాని తగ్గినదానిని అతికింపలేము. ఇంతకును, ఇదంతయు పట్నములోనే సాధ్యమనుకొనరాదు. మీ ఊరి నాయీబ్రాహ్మణ సోదరుని చేతిలో కత్తెర, దువ్వెనలు చాలును. తరతరములుగా మీ కుటుంబపు తలలను, తలలోని సుడులను ఎరిగినవాడతడు.

మొట్టమొదట ధైర్యము చాలనివారికి మన ఆచారమే ఒక దారి చూపుచున్నది. తిరుమలలో కల్యాణకట్టయందు తలనీలాలు సమర్పించిన పిమ్మట జుట్టు అంతటను ఒక్కసారిగా, ఒక్క కొలతగా మొలచును. నెలకు సుమారు అర అంగుళము పెరుగును. కాబట్టి నెలన్నర గడచునప్పటికి తలయంతయు తెల్లని పొట్టిక్రాపై, మీ తల ఆకారమేదో, నెరపు ఎక్కడెక్కడ నున్నదో అద్దమున మీకే తెలియును. అప్పుడు ప్రక్కలను మాత్రము దిద్దించుకొన్నచో కొత్తతీరు సిద్ధము. రంగు మానదలచినవారికి ఇంతకంటె సులువైన ఉపాయము లేదు.

రంగును గూర్చి కూడ ఒక మాట. వెండ్రుక పెరుగుచునే యుండును గనుక రంగు వేసిన రెండు మూడు వారములకే పాపిటలో తెల్లనిగీత వెలియును. అది రోజుకొకసారి నిజము చెప్పుచునే యుండును. పైగా పెక్కు నల్లరంగులలో పారాఫినిలిన్ డయమిన్ అను రసాయనమున్నది. అది కొందరికి దురదను, పొక్కులను, ముఖమున వాపును కలిగించును. రంగు వేయక తప్పదనుకొనువారు ముందుగా మోచేతి మడతలో కొంచెము పూసి రెండు దినములు చూచి, ఏ బాధయు లేకున్ననే వాడవలెను.

దిద్దుకొనుట బహుసులభము. వారమునకు రెండుమారులు తలంటుకొనుడు. తల కొంచెము తడిగా నుండగనే రెండుచుక్కల కొబ్బరినూనెను అరచేతుల రుద్ది తలకు రాయుడు. అంతకు మించినచో తెల్లజుట్టు అట్టకట్టి పసుపుపచ్చగా కనబడును. చుట్టపొగ, ఎండ, ఉప్పునీరు తెల్లవెండ్రుకకు పచ్చదనము తెచ్చును. తెల్లని పంచెకు నీలిమందు పెట్టి పచ్చదనము పోగొట్టుచుందుము గదా! ఆ సూత్రముననే నెరసిన జుట్టుకొరకు ఊదారంగు షాంపూలు అమ్ముచున్నారు. ఎప్పుడైన ఒకసారి వానిని వాడవచ్చును. బట్టల నీలిమందును మాత్రము తలకు పెట్టకుడు. మూడు నాలుగు వారములకొకమారు క్షౌరము తప్పరాదు. పొట్టిక్రాపు మాసిన పంచెవలె త్వరగా తెలిసిపోవును. జుట్టు పొట్టియైనవారు ఎండలో తలగుడ్డగాని, గొడుగుగాని మరువకూడదు. ప్రతిమారు కొత్త బ్లేడు వేయుమని నిర్మొహమాటముగ అడుగుడు. ఒకరి నెత్తురంటిన కత్తివలన కామెర్లు కలిగించు హెపటైటిసు బి వంటి వ్యాధులు మరియొకరికి సోకగలవు. మధుమేహమున్నవారును, నెత్తురు పలుచనగుటకు మందులు వాడువారును ఆ సంగతిని క్షురకునకు ముందుగా చెప్పవలెను.

ఇక ముఖ్యమైన మాట చెప్పి ముగించెదను. మన ఆచారములో పెరిగిన జుట్టుకు ఒక భాష కలదు. దీక్షలోనున్నవాడు జుట్టు పెంచును. భార్య గర్భవతియైనపుడు భర్త క్షౌరము మానుట పెక్కు ఇండ్లలో కలదు. మైలలోనున్నవాడు క్షౌరము మానును. అయితే శాస్త్రము వీటికన్నిటికిని ఒక గడువు పెట్టినది. దీక్షకు మండలము, మైలకు పది దినములు. పదవనాడు, మనసు కుదుటపడినను పడకపోయినను, ఏటిగట్టున కూర్చుండబెట్టి క్షౌరము చేయింతురు. దుఃఖము తీరినదని కాదు, నీవు మరల లోకములోనికి రావలెనని దాని తాత్పర్యము.

నేడు మన ఊళ్లలో చూడుడు. భార్య పోయిన ముసలివాడు, కొలువు విడిచినవాడు, బిడ్డలు దూరదేశములకు పోయినవాడు, నెలల తరబడి తల మాసి, గడ్డము మాసి, అరుగుమీద కూర్చుండియుండును. అతడు ఏ దీక్షయందును లేడు. ఏ మైలయు లేదు. గడువులేని మైలను తనకు తానే పెట్టుకొనినాడు. ఇంటివారు మొదట జాలిపడుదురు, పిదప అలవాటుపడుదురు, తుదకు అతనిని అడిగి చేయవలసిన పనులు కూడ అడుగక చేయుదురు. మనిషి తనను తాను లెక్కలోనుండి తీసివేసికొన్న పిమ్మట ఇతరులు అతనిని లెక్కింతురా? రంగు వేసికొనువాడు వయసును దాచుకొనుచున్నాడు; తల మాయనిచ్చువాడు తన్ను తానే దాచుకొనుచున్నాడు. నెరసిన తలను పొట్టిగా, తీరుగా దిద్దుకొన్నవాడు మాత్రము "నాకు ఇన్నియేండ్లు వచ్చినవి, నేను ఇంకను ఇక్కడనే ఉన్నాను" అని నోరు తెరువకయే చెప్పుచున్నాడు. ధైర్యమనగా ఇదే. కత్తిరింపులోని సాహసము కంటె ఇది పెద్దది.

కాబట్టి పెద్దలారా, ఈ వారములో తగిన దినము చూచి క్షౌరమునకు కూర్చుండుడు. మంచమునుండి లేవలేని సాటివృద్ధుడు మీ వీధిలో ఉన్నచో, క్షురకుని వెంటబెట్టుకొని అతని ఇంటికి కూడ పొండు. తల తేలికైనవాడు మాట కలుపును. సెలవు.